పర్మినెంటు

ముందు చెవి వెనక చుక్కంత రంగు పెట్టి పంపాను.
రెండు రోజులు చూడు, దద్దురొస్తే రావద్దన్నాను.
మూడో రోజు పొద్దున్నే, షట్టరు సగం ఎత్తకముందే
చిన్నబజారు మెట్ల మీద కూర్చుని ఉంది మస్తానమ్మ,
ఒళ్ళో టిఫిను డబ్బా, వేళ్ళ నిండా
రొయ్య ముళ్ళు గీసిన తెల్లటి గాట్లు.

"నొప్పి ఎట్టుంటాది?"
అబద్ధం చెప్పే అలవాటు నాకు ఈ పనిలోనే పోయింది.
మత్తు క్రీము పూసి నలభై నిమిషాలు ఆగుతాం.
ఆ తర్వాత నొప్పి కన్నా చప్పుడెక్కువ,
ఎండు కొబ్బరి చిప్పని గోటితో గీరినట్టు
నీ నుదుటి ఎముకలోంచి నీకే వినపడుతుంది.
ఆ చప్పుడుకే కొందరు లేచి వెళ్ళిపోతారు.

"మా షెడ్డులో ఐసు కొట్టే మిషను కంటేనా" అంది.

క్రీము పనిచేసే లోపల చెప్పుకొచ్చింది.
తల మీద టోపీ, ముక్కు మీదికి మాస్కు,
మోచేతుల దాకా గ్లవుజులు, నీలం ఏప్రాను,
టేబుళ్ళకి రెండు పక్కలా రెండొందల మంది ఆడవాళ్ళు.
ఎవరు ఎవరో తెలిసేది
కళ్ళ పైనుండే ఆ రవ్వంత జాగాలోనే.
థైరాయిడొచ్చి అదీ రాలిపోయినాక
"సూపర్‌వైజరు నన్ను చూసి నా పక్కదాని పేరు పిలస్తాడు మేయ్.
రొయ్యకైనా కౌంటుంది, నాకేముంది?"

పాత రేషను కార్డు తెచ్చింది.
ఫోటోలో ఆమె ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి,
ఎవరో కోతలు కోస్తుంటే వింటున్నట్టు.
నేను దారానికి రంగద్ది, ముక్కు నుంచి పట్టి,
రెండూ ఒకే ఎత్తున కొలిచి గీశాను.
అద్దంలో చూసుకుని తల అడ్డంగా ఊపింది.
"ఇది నేను కాదు. బ్యాంకులో మేనేజరమ్మ.
ఎడం పక్కది ఎత్తు. అట్టుంటేనే
నేను ఎగతాళి చేస్తన్నానని మా టేబులోళ్ళకి తెలిసేది."

నేర్పిన చోట వంకర గీయడం నేర్పలేదు.
తుడిచాను. మళ్ళీ గీశాను. రెండు మిల్లీమీటర్లు.
ఇన్నేళ్ళలో మొదటిసారి చెయ్యి వణికింది.

ఇక జాగర్తలు.
ఇవాళ బొగ్గుతో దిద్దినట్టుంటాయి, భయపడకు.
ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.
పది రోజులు నీళ్ళు తగలకూడదు, ఎండ పడకూడదు,
చెమట పట్టకూడదు...
నెల్లూరులో, మే నెలలో, ఈ మాట అంటూ
నాకే నవ్వొచ్చి ఆగాను.
ఆమె నవ్వలేదు. "మా షెడ్డులో చలేలేమ్మా.
చెమటక్కూడా లోపలికి పాసు లేదు."

ఐదో రోజు పొక్కు కడుతుంది, దురద.
గోకావా, గోటితో పాటే పోతుంది రంగు.
తొమ్మిదో రోజు పొలుసు రాలి కింద ఏమీ కనపడదు.
అప్పుడందరూ నన్ను తిడతారు, నువ్వూ తిట్టు.
మూడు వారాలకి, ఇస్కపల్లి మళ్ళలో ఉప్పు తేలినట్టు
మెల్లగా లోపల్నుంచి తేలుతుంది.
ఆరో వారం రా, అక్కడక్కడా ఖాళీలుంటే నింపుతాను.

"ఆ పైన ఎన్నాళ్ళుంటాయి?"
ఏడాదిన్నర. మహా అయితే రెండేళ్ళు. తర్వాత వెలుస్తుంది.
"మరి బోర్డు మీద పర్మినెంటని రాసినావే?"
నేను చేతిలో దూది నలుపుతూ నిలబడ్డాను.
"మా కంపెనీవోళ్ళూ అంతే.
పదకొండేళ్ళ నుంచి, వచ్చే సీజనుకి
పర్మినెంటు చేస్తామనే చెప్తన్నారు.
నువ్వు నయం. గడువైనా చెప్పినావ్."

తొమ్మిదో రోజు రాత్రి ఫోను.
"పోయినయ్."
ఒక్క మాటే. తిట్టలేదు. వెనక ఎవరో టీవీ కట్టేశారు.

ఆరో వారం రాలేదు.
గుంటల్లో రొయ్య పట్టుబడుల కాలం, ఓవర్‌టైమై ఉంటుంది.
నా డైరీలో ఆమె పేరు పక్కన గడి ఖాళీ.

మొన్న ముత్తుకూరు రోడ్డులో, రైలు గేటు దగ్గర
కంపెనీ బస్సు నా స్కూటరు పక్కనే ఆగింది.
దిగకముందే తొడుక్కున్న టోపీలు, మాస్కులు,
కిటికీ కిటికీకీ ఒకే మనిషి.
వెనకనుంచి మూడో కిటికీలో
ఒక ఎడమ కనుబొమ్మ నన్ను చూసి లేచింది.
లేచిందో, నేను గీసిందే అంతో.
గేటు ఎత్తారు.