చిల్లరలో కొంగ

ఎలా మొదలైందని అడుగుతున్నావు.
ఆల్బమ్ రేకులు కొందామని వచ్చిన ముసలిదాన్ని
కూర్చోబెట్టి, టీ పోసి మరీ అడుగుతున్నావు గనక
చెబుతాను, ఇమాంట్స్.
ప్రేమతో మొదలు కాలేదు,
అనుమానంతో మొదలైంది.

రీగాలో పదకొండో నంబరు ట్రామ్.
మెడలో తోలుసంచి, వేళ్ల కొసలు కత్తిరించిన చేతితొడుగులు,
అప్పటికి ఇరవై ఆరేళ్ల కండక్టరు కొలువు.
మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోయే డిసెంబరులో
ఎండుచేపల వాసన కొట్టే ఒకాయన
నా అరచేతిలో ఒక లాట్ పెట్టి
టికెట్టూ, ఎనభై సాంతీమ్‌లూ తీసుకుని
చాక్లెట్ ఫ్యాక్టరీ మలుపులో దిగిపోయాడు.

లాట్ మీద సాల్మన్ ఉండాలి.
నీళ్లలోంచి ఎగిరే చేప.
చూడక్కర్లేదు, బొటనవేలికి తెలుసు.
ఆ వేళ బొటనవేలు ఆగింది.

చీమ!

కాళ్లన్నీ బిగించి నిలబడ్డ చీమ,
సర్కారు బిళ్ల మీద,
అడ్డు తొలగమన్నట్టు.

దొంగ నాణెమే అనుకున్నాను.
సంచిలో వేస్తే డిపోలో లెక్క నా మెడకు చుట్టుకుంటుందని
నా పర్సులోని చేపను సంచిలో వేసి
చీమను తొడుగులో దాచాను.
దొరకనీ వాణ్ణి, ముఖాన కొడతాను.

ఎనిమిది రోజులు
ఎక్కే ప్రతి టోపీ కిందా వాడి ముఖం వెతికాను.
వాడు ఎక్కలేదు.
చీమ మాత్రం
నా అరచేతిలో వెచ్చబడుతూ,
తలుపు తెరుచుకున్నప్పుడల్లా చల్లబడుతూ
ఊరంతా తిరిగింది.

తొమ్మిదో రోజు డిపోలో బ్రోనిస్లావా
దాన్ని చూసి పడీ పడీ నవ్వింది.
"పిచ్చిదానా, అసలుదే ఇది, బ్యాంకే వేసింది.
రెండేళ్ల కిందట కొంగను కూడా వేశారుగా,
చూళ్లేదూ?"

చూళ్లేదు.

అక్కడ, నాయనా, అక్కడ మొదలైంది.
చీమ దొరికినందుకు కాదు,
కొంగ పోయినందుకు.

ఆ రెండేళ్లలో ఎన్ని కొంగలు
నా చేతి మీదుగా ఎగిరిపోయాయో.
ఏ తాగుబోతు ఇచ్చిన ఐదు లాట్ల నోటుకో
నాలుగు బిళ్లలు లెక్కపెట్టి ఇస్తుంటే
అందులో ఒకటి రెక్క విదిల్చిందేమో.
లెక్క ఏనాడూ తప్పలేదు,
చూపే తప్పింది.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద పర్సు బోర్లించాను.
"జీతం తక్కువొచ్చిందా?" అన్నాడు ఇల్గ్వార్స్.
లేదు, చూస్తున్నానన్నాను.
రెండు లాట్ల బిళ్ల మీద ఆవుంది.
పదేళ్లుగా ఆ బిళ్లతో పాలు కొంటూ
ఆవుందని ఎరగను!

ఆ తర్వాత పుట్టగొడుగు వచ్చింది, మంచుబొమ్మ వచ్చింది.
చిమ్నీలు ఊడ్చేవాడు వచ్చాడు.
వాణ్ణి తాకితే అదృష్టమంటారుగా,
ఇల్గ్వార్స్ ఆసుపత్రి మంచం మీద
మూడు రోజులు గుప్పిట్లోంచి వదల్లేదు.
నాలుగో రోజు నేనే వేళ్లు విడదీసి తీసుకున్నాను.
ఆ బిళ్లను రేకులో పెట్టలేదు.
సరే, ఆ సంగతి వదిలెయ్.
టీ బావుంది.

నీ అద్దాల పెట్టెలో మూడో వరసలో కొంగ ఉంది.
వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, ధర చీటీ చదవకుండా.
వద్దు, తాళం తియ్యకు.
పర్సు తెరిచి కొనుక్కోవడానికైతే
ఇన్నాళ్లు ఆగేదాన్నా?

జనవరి వస్తే లాట్లు పోయి యూరోలట.
ఇంకా పదకొండు వారాలు.
ఈలోగా ఏదో ఒకనాడు
నేను రేకులు కొని ఐదు లాట్ల నోటు ఇస్తాను.
చేపల మధ్య దాన్నీ కలిపేసి
చిల్లర ఇచ్చెయ్.
చెప్పకు.

పాత అలవాటుకొద్దీ
బొటనవేలితో లెక్కపెట్టుకుని
బయటికి నడిచానో,
నడవనీ.
పిలవకు.