డోలమ్మగారి పద్దు

నూకయ్య మామకి ఇంగ్లీషు అక్షరాలు
స్టీమరు కంపెనీలో మూటల మీద పట్టుబడ్డవి.
పగలు వాటిని తారుతో రాసేవాడు,
రాత్రి కూడబలుక్కుని అమ్మేవాడు.

కురుపాం మార్కెట్టు వెనక డేరా.
తెర పక్కన ముక్కాలిపీట, చేతిలో వెదురుబద్ద.
బొమ్మ ఆగి నల్లపలక మీద తెల్లరాత పడగానే
అతని గొంతు లేచేది:
"అల్లదిగో, ఆ గుంట ఏటంటోందంటే..."
చదవగలిగినంత చదివి
మిగతాది తనే అనిపించేవాడు.

పిడి తిప్పేది నేను. పద్నాలుగేళ్ళు.
నా చెయ్యి నొప్పెడితే దొర కుంటేవాడు,
ఆకలేస్తే పెళ్ళి బేగి అయిపోయేది.

ఆ పద్దుపుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.
కిరసనాయిలు, మేకులు, కానిస్టేబులుకి రెండణాలు,
వాటి కింద:
"కథ, హేరియట్ డోల్. ఆడమనిషి!"
పుస్తకం మొత్తానికి ఆశ్చర్యార్థకం అదొక్కటే.

మొదట్లో ఆ పేరు మూలన, చీమంత.
ఎవరూ అడక్కపోయినా చదివేవాడు:
"రాసింది డోలమ్మగారు!"
ముందు ఇసకలో కూచున్న జాలరిపేట ఆడోళ్ళు
"మనూరేనేటి?" అనేవారు.
మరుసటేడు ఆ పేరుకి పలకంతా ఇచ్చారు.
ఆ పైయేడు పక్కన ఇంకో మాట చేరింది.
మామ దాన్ని అరచేతిలో రాసుకుని
మిషన్ స్కూలు పంతుల్ని లేపి అడిగాడు.
తీయించింది కూడా ఆవిడేనట.
ఆ పూట గోళీసోడాల ఖర్చు తొమ్మిదణాలు.

ఒకసారి మూడో రీలు రాలేదు.
వాల్తేరు స్టేషన్లో దిగలేదో, కలకత్తాలో ఎక్కలేదో.
రెండో రీల్లో చాకిరేవు పిల్ల జైలుకెళ్ళింది,
నాలుగో రీల్లో నవ్వుతూ రొట్టె కాలుస్తోంది.
మామ వెదురుబద్ద కింద పెట్టాడు.
ఖాళీ తెర మీద ఉత్త వెలుతురు,
నేను ఏమీ లేని పిడి తిప్పుతూనే ఉన్నాను,
అతను చెప్పుకుపోయాడు పది నిమిషాలు.
జైలు గోడ, వార్డరు తల్లి, కన్నీళ్ళతో ఉతికిన కమీజు.
నెల తర్వాత అసలు రీలొచ్చింది. వేశాం.
"ఇది దొంగబొమ్మ, ఆయేళ చెప్పిందే నిజం,"
అని డబ్బులు వెనక్కడిగారు.
ఇచ్చేశాడు. ఎందుకో సంతోషంగానే.

అక్కడ బొమ్మ పుట్టిన మూడేళ్ళకి మాకు చేరేది.
ఆమె వైభవాన్ని మేం ఎండుచేపలా తిన్నాం,
సముద్రం ఎప్పుడో వెనక్కెళ్ళిపోయాక.

తర్వాత ఆమె పేరు మీద ఒక మగపేరు కూచుంది.
తర్వాత రెండు.
తర్వాత మళ్ళీ మూలన, చీమంత,
మామ తెర దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించాడు,
నీడ పడిందని జనం తిట్టారు.

అంతలో బొమ్మలకి మాటలొచ్చాయి.
డేరా మడిచారు. ముక్కాలిపీట సోడాకొట్టుకి పోయింది.
కొత్త హాల్లో బెంచీ టిక్కెట్టు కొని
పేర్లు పడేదాకా కూచుని లేచొచ్చేసేవాడు.
పుస్తకంలో తేదీ, అణా, దాని పక్కన "లేదు".
తేదీ, అణా, "లేదు".
పదకొండు లెక్కపెట్టాను.

హార్బరు తవ్వకంలో తట్టల లెక్క రాసే పని దొరికింది.
యారాడ కొండ కింద మొదటి అమెరికా ఓడ ఆగినప్పుడు
చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్ళి
ఒక నావికుణ్ణి అడిగాడట,
హేరియట్ డోల్ తెలుసా అని.
వాడు తనని ఏ సరుకు గురించి అడుగుతున్నాడో అనుకుని
భుజం తట్టి పంపేశాడు.

చివరి పేజీలో అదే ఉంది.
"సిగరెట్టు ఒకటి, జమ."