కాలర్ లెక్క

అతను పరిగెత్తడం నేను చూసింది తక్కువ.
నా కిటికీలోంచి ఆటస్థలం కనిపించదు,
చక్కెర మిల్లు గోడ కనిపిస్తుంది.
ఆదివారాలు అరుపులు మాత్రం గోడెక్కి వచ్చేవి.
ఆ తర్వాత గంటకి పదహారు జెర్సీలు
గోనెసంచిలో నా గుమ్మం ముందు పడేవి.

లోరిస్ తియోజ్జో. తొమ్మిదో నంబరు.
కియోజ్జా పడవలవాళ్ళ పిల్లాడు, పందొమ్మిదేళ్ళు.
పెద్ద క్లబ్బు మాకు ఏడాదికి అద్దెకిచ్చింది,
కోతల కాలానికి ట్రాక్టర్ ఇచ్చినట్టు.
మొదటిరోజే ఉతుకుడు గదికి వచ్చి
వాళ్ళమ్మ ఉప్పేసిన చేపల సీసా బల్లమీద పెట్టి
"సిన్యోరా, చంకల్లో కాస్త వదులు చెయ్యరా" అన్నాడు.

ఆటని నేను మరకల్లో చదువుకున్నదాన్ని.
గోల్‌కీపర్‌ది మోచేతుల బురద.
డిఫెండర్లది రొమ్ముమీద, ఎదుటివాడి రక్తం.
మధ్యలో ఆడేవాళ్ళకి వీపంతా తెల్లటి ఉప్పుగీత.
ఇతనికి ఎప్పుడూ ఎడమ తుంటిమీద ఒక్క పచ్చ చార.
కుడికాలితో కొట్టి ఎడమకి ఒరిగిపోయేవాడన్నమాట.

ఇంకా, కాలర్.
గోల్ పడితే కాలర్ కొరికేవాడు.
ఎందుకయ్యా అంటే సిగ్గుపడి
"అరిస్తే అయిపోతుందేమోనని" అన్నాడు.

ఆ ఏడు పద్నాలుగు కాలర్లు కుట్టాను.
కుట్టిన ప్రతిసారీ కేలండర్ వెనక పెన్సిల్ గీత.
బార్‌లో ఎవడైనా పదమూడే అంటే
నా దారపుకండెని అడగమనేదాన్ని.

తర్వాత పెద్ద నగరం. టీవీలో చూశాను.
అక్కడ ఆటకో కొత్త చొక్కా అట,
అయిపోగానే జనంలోకి విసిరేస్తారట.
ఆ మరకలు ఎవరు చదివారో మరి.
రెండేళ్ళు బాగా గడిచాయి.
దేశం తరఫున నీలం జెర్సీకి పిలుపొస్తుందని
వాళ్ళమ్మ చేపల బజారంతా చెప్పుకుంది.
రాలేదు.
ఒక నవంబరు పొగమంచులో మోకాలు మెలిపడింది.
ఆ చప్పుడు టీవీలో వినపడలేదు గానీ
తడి దుప్పటి పిండేటప్పుడల్లా నాకు వినిపిస్తుంది.

ఆ ఏడాది పత్రికలు అతన్ని ఉతికి ఆరేశాయి.
నవ్వొచ్చింది నాకు. కోపమూ వచ్చింది.
ఉతకడమంటే వాళ్ళకేం తెలుసు?
ఉతికేవాళ్ళు ముందు జేబులు చూస్తారు.
నానబెడతారు. ఓపిక పడతారు.
రంగు దిగుతుందేమోనని
ఒక మూల తడిపి చూస్తారు.

ఒక దక్షిణాది ఊరు, ఒక ద్వీపం,
జీతాలు ఎగ్గొట్టిన ఒక క్లబ్బు,
మళ్ళీ అద్దె, మళ్ళీ అద్దె.
ముప్పై మూడో ఏట మా దగ్గరికే వచ్చిపడ్డాడు.
మిల్లు అప్పటికే మూసేశారు. గోడ ఉంది.
సంచిలోంచి అతని జెర్సీ మడత నలగకుండా వచ్చేది,
బెంచీ మీద కూచున్నవాడి చొక్కా.
అయినా ఉతికేదాన్ని.
"అది శుభ్రంగానే ఉంది కదా, సిన్యోరా."
"శుభ్రమైనదాన్ని ఉతకడమే కష్టం" అన్నాను.
నిజం కాదు. ఏదో ఒకటి అనాలని అన్నాను.

ఆఖరి ఆదివారం వాన.
ఎనభయ్యో నిమిషంలో దింపారట.
గోడెక్కి ఒక పెద్ద అరుపొచ్చి
సగంలో తెగిపోయింది.
లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్.
అరచెయ్యంత దూరమని కొందరు,
అదీ లేదని మా చేపల సీసా.

ఇప్పుడతను అన్నతో కలిసి ఆల్చిప్పలు ఏరుతున్నాడు,
లావెక్కాడు, మెట్లు దిగేటప్పుడు కుంటుతాడు,
కూతురు గోళ్ళు కొరుక్కుంటే తిడతాడట.
పుస్తకాల్లో అతని పేరెదుట నూట మూడు అని ఉంది.

ఆ రాత్రి సంచి విప్పాను.
ఎడమ తుంటిమీద పచ్చ చార.
కాలర్ చిరిగి ఉంది.
పాపం, జెండా చూడకముందే కొరికేశాడు.

కళ్ళజోడు వెతుక్కుని సూదిలో దారం ఎక్కించాను.
కుట్టాక కేలండర్ తిప్పి గీత గీశాను.
జెండా ఎత్తినవాడి చొక్కా
ఉతకడానికి నా దగ్గరికి రాదు.