నీళ్ళ కబురు

దిండిగల్ నుంచి వీపీపీలో వచ్చింది పెట్టె.
పదమూడు రోజుల ప్రయాణం.
రోహిణికార్తె ఎండంతా ఎక్కడో రేకుల షెడ్డులో తాగినట్టుంది.
పోస్టు అబ్బులు డబ్బులు లెక్కెట్టుకుని
"గవ్వలాండీ? గలగలమంటన్నాయి" అన్నాడు.

గవ్వలు కావు, పాతిక చుట్టలు.
ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాను, అంతే,
పై ఆకు నడుం దగ్గర చిట్లి
లోపలి తునకలు లుంగీలో రాలాయి.
ముప్పై ఏళ్ళు కోటిపల్లి రేవులో టిక్కెట్లు చింపిన చెయ్యి నాది.
దేన్ని ఎక్కడ చింపాలో తెలుసు,
చిరిగినదాన్ని ఏం చెయ్యాలో తెలీదు.

తమలపాకుల మీద చల్లినట్టు
చెంబుతో నీళ్ళు చిలకరించబోయి, ఎందుకో ఆగి
తువ్వాల్లో మూటకట్టుకుని బేబమ్మ గారింటికి నడిచాను.

ఒకప్పుడు ఈ పేటలో సగం నోళ్ళకి ఆవిడ చేతి చుట్టే.
కత్తి ముట్టకుండా గోటితో ఈనె తీసేది.
ఏడేళ్ళ కిందట వేళ్ళు బిగుసుకున్నాయి.
చుట్టలు చుట్టిన పీట ఇప్పుడు
కోళ్ళగంప మీద బరువు.

ఆవిడ చుట్టని చూడలేదు.
చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా నొక్కింది.
"మాటాడతంది. అంటే దాహమన్నమాట.
బాగున్న చుట్ట నోరెత్తదండి."
చెంబు సంగతి చెప్పాను.
"అదేటండీ బాబూ!
వడదెబ్బ తగిలినోడి మీద బిందెడు కుమ్మరిస్తారేటి?
పై ఆకు తాగేసి ఉబ్బుద్ది, లోపలిది ఎండే ఉంటది,
ఒకరికొకరు పడక పగుల్తారు.
నీళ్ళు తగలకూడదు.
నీళ్ళ కబురు తగలాలి."

వాసనలన్నీ మర్చిపోయిన పాత కుండ.
అడుగున గోదారి ఇసక, పిండితే చుక్క రాలనంత తడి.
పైన కొబ్బరి ఈనెల తడక,
దాని మీద చుట్టలు, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా.
మూతికి అరటిదొప్ప.
"రోజుకోసారి పక్క మార్చండి.
ఎన్నాళ్ళని మాత్రం నన్నడక్కండి."

నాలుగో రోజుకి ఏమీ లేదు.
ఆరో రోజు మూత తీస్తే తడిసిన గోనె వాసన,
దాని వెనకాల ఎక్కడో బెల్లం.
ఎనిమిదో రోజు ఒకదానికి తెల్లటి బూజు;
కళ్ళజోడు గుడ్డతో తుడిచాను.
"పిల్లకి జ్వరమొస్తే ఇన్నిసార్లు లేవలేదు మీరు"
అంది మా వరాలు.
నిజమే. దీపం ఆర్పి పడుకున్నాను.

పదిహేడో రోజు చెవి దగ్గర నొక్కాను.
ఏమీ వినపడలేదు.
వినపడకపోవడం ఇంత బాగుంటుందని
ఎవరూ చెప్పలేదు నాకు.

బేబమ్మకి నాలుగు పట్టుకెళ్ళాను, చిట్లినదాంతో సహా.
వేలి చివర గంజి, గోరంత ఆకు ముక్క.
ఆ ఒక్క అతుక్కి అరగంట పట్టింది.
అరగంటలో ముప్పై చుట్టిన మనిషి.
నేను కోళ్ళకేసి చూస్తూ కూచున్నాను.

అతికిందాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని
"చుట్టింది దిండిగల్లేమో గానండి, ఆకు మనదే.
కాకరలంకది. ఒండ్రు వాసన రావట్లే?" అంది.

కాకరలంక ఇప్పుడు లేదు.
మూడు వరదలు దాన్ని కొరికి కొరికి
ఆఖరి పాకతో సహా మింగేశాయి.
ఆ రేవుకి చివరి టిక్కెట్టు చింపింది నేనే.
ఆవిడ మాట నిజమో కాదో
ఓ కార్డు రాస్తే దిండిగల్ వాళ్ళు చెబుతారు.
రాయలేదు.

సాయంత్రం రేవు మెట్ల మీద
అతుకు పడ్డ చుట్టే వెలిగించాను.
అతుకు దగ్గర కాస్త పక్కవాటుగా కాలింది.
ఆఖరి పంటు వెళ్ళిపోయింది.
పొగ మాత్రం తొందరపడకుండా నీళ్ళ మీదికి దిగి
కాకరలంక ఉండే వైపుకి మళ్ళింది.
చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది,
టిక్కెట్టు చింపడానికి.