అక్కర్లేదు

డండీలో మంగళవారం రాత్రిబడి.
పెట్రీ మాస్టారు బోర్డు మధ్య గీత కొట్టి
అటు "మస్ట్ నాట్", ఇటు "డోంట్ హావ్ టు" రాశాడు.
"అది కూడదు. ఇది అక్కర్లేదు.
'నాట్' చేరగానే కవలలు విడిపోతారు."
వెనక బెంచీలో పోలిష్ కుర్రాడు ఆవులించాడు.

రోస్‌విటా పెన్సిలు ఆగింది, డెబ్భై ఒకటో ఏట.
ఆమె జర్మన్‌లో "మస్ట్" పక్కన "కాదు" పెడితే
ఒట్టి అక్కర్లేదు:
బూట్లు విప్పక్కర్లేదు, గిన్నెలు కడగక్కర్లేదు,
అంత మెత్తని మాట.

నాలుగేళ్ళ కిందట, కొడుకు పోయిన చలికాలం,
గుమ్మంలో కోడలి చేయి పట్టుకుని
"యూ మస్ట్ నాట్ కమ్ ఎవ్రీ సండే" అంది.
పాపం, రెండు బస్సులు మారి వస్తోందని.
ఐలీ తలూపింది.
కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది.
మళ్ళీ రాలేదు.
చిన్నపిల్ల, మరిచిపోనీ అనుకుంది ఈమె,
ఆ అనుకోవడానికీ నాలుగేళ్ళు.

ఇప్పుడు బస్టాపులో, అడ్డవానలో,
ఫోను చెవికానించి
డోంట్ హావ్ టు, డోంట్ హావ్ టు అని వల్లిస్తోంది.
అవతల "హలో" వినపడగానే
పాఠమంతా జారిపోయి,
"ఆదివారాలు... బంగాళాదుంపలు
మిగిలిపోతున్నాయమ్మా" అంది.