గట్టు

మధ్యాహ్నం మూడున్నరకి రోవర్ మొండికేసింది.
పెదనందిపాడు దాటాక నల్లరేగడి, మోకాలెత్తు మిరప.
కర్ర పాతినచోటే ఉంది,
తెరమీద అంకెలది మాత్రం
పొద్దుట్నించీ తాగినవాడి నడక.
మూడు సెంటీమీటర్లు. ముప్పై. మళ్ళీ పన్నెండు.

"ఏమ్మా సర్వేయరమ్మా, తేల్తదా, తేల్దా?"
పున్నయ్యగారి చూపు నామీద,
బ్రహ్మానందంగారి చూపు పున్నయ్యగారి మీద.
అన్నదమ్ముల పిల్లలు. పదకొండేళ్ళ కోర్టు.
తగువంతా జానెడు నేల,
నాగలి మలుపు తిరిగేచోట
ఏ యేటికాయేడు కొరుక్కుతిన్నంత.

గుంటూరు ఆఫీసుకి ఫోన్ చేశాను.
"ఇవాళ ఏ మండలంలోనూ పట్టట్లేదు మేడమ్,
సూర్యుడి గోల" అన్నాడు ఖాజావలి.
మొన్న అక్కడేదో తెగిపడిందట.
రెండు రోజులు నడిచి
ఇవాళ్టికి మనూరు చేరిందట ఆ గాలి.

గాలా?
మిరపాకు కదల్లేదు.
బ్రహ్మానందంగారి భుజమ్మీద తువ్వాలూ కదల్లేదు.

ఎట్లా చెప్పను వీళ్ళకి,
ఆయన పొలానికీ ఒక గట్టుందని,
ఈమధ్యే ఒక నౌక దాన్ని దాటి లోపలికెళ్ళి
బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళి
తొక్కి చూసిందని.
అది దారం పట్టి గీసినట్టు లేదట.
ఎగుడుదిగుళ్ళు, మడతలు, ముళ్ళు.
ఆయన కుతకుతలాడే సంవత్సరాల్లో
ఇంకా అవతలికి జరుగుతుందట,
ఇంకా గరుకెక్కుతుందట.
రాయి పాతే నాథుడు లేడు.
ఒక్కసారి ఆ గట్టు దాటిన గాలి
ఇంటికి తిరిగిపోలేదట, ఇక ఎప్పటికీ.

చెప్పలేదు.
"మిషన్‌కి ఎండదెబ్బ తగిలింది" అన్నాను.
"కార్తీకంలోనా!" అని
కలుపు తీస్తున్న రిబ్కమ్మ నడుమెత్తి నవ్వింది.
"మాకే తగుల్తదనుకున్నా,
దానిక్కూడానా పాపం."

ఎల్లుండి రమ్మన్నారు. సరేనన్నాను.
నిలబడి నిలబడి కాళ్ళు లాగి
ఇద్దరు పెద్దమనుషులూ కూలబడ్డారు.
మాటల్లేవు. మొహాలు చెరోవైపు.
చేలో తడి, కాలవలో బురద,
కూర్చోడానికి పొడిగా ఉన్నది
ఆ జానెడు ఒక్కటే.

రిబ్కమ్మ చెంబు ముందు పున్నయ్యగారికిచ్చింది.
ఆయన ఎత్తి గొంతులో పోసుకుని
చూడకుండానే పక్కకి జరిపాడు.
బ్రహ్మానందంగారు కాసేపు చెంబు వైపు చూసి
ఆనక తాగారు.

సామాను సర్దుతుంటే
పొద్దు పత్తిచేల వెనక వాలుతూ, ఎర్రగా,
ఏమీ ఎరగనట్టు.
అప్పుడు తెర పచ్చగా వెలిగింది, ఫిక్స్ అని.
రెండు సెంటీమీటర్లు. కదలకుండా.

వాళ్ళు చూళ్ళేదు.
నేను కర్ర పీకి
బురద తుడిచాను, నిమ్మళంగా.