ఉప్పు

ఆకివీడు దాటాక గేర్ రాడ్డు అరిచెయ్యి కాల్చింది.
వెనక ఐసులో రొయ్య, పద్నాలుగు ట్రేలు.

ఏసుపాదం బండి కిందికి దూరి
గేర్‌బాక్స్ మీద ఉమ్మేశాడు. చుయ్‌మంది.
"ఆయిల్ తగ్గిందా?" అన్నాను.
పలకలేదు. ప్లగ్గు విప్పాడు.

నల్లగా రావాల్సింది
హోటల్ టీలా వచ్చింది.
వేళ్ళ మధ్య రాసి ఎండకి పట్టాడు:
ఇత్తడి పొడి, చేప పొలుసంత మెరుపు.
తర్వాత, నేను చూస్తుండగానే,
నాలిక్కి అంటించుకున్నాడు.

"కాలవనీళ్ళు కావండి. ఉప్పుటేరు.
కాలిన పెట్టెని ఒక్కసారిగా నీళ్ళలో దించితే
గుక్క పట్టి లాగేత్తాది,
ఎండన పడొచ్చిన గొడ్డులాగ.
ఎప్పుడు దిగారు?"

గట్టు మీంచే వచ్చానని
ఓనరుకి రాత్రే చెప్పాను.

ఏసుపాదం మూతి తుడుచుకున్నాడు.
డబ్బాలోకి టీ కారుతూనే ఉంది.